ఈ రాళ్లను మోసినవారి పేర్లేవి?

(బెంగళూరులో తెలుగు సంఘాల యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున ట్రినిటీ సర్కిల్ దగ్గర బయలుదేరేటప్పుడు మీలో ఒకరు "అయ్యగారూ, ఇది పిక్నికా, ప్రార్థన కూటమా?" అని అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాం. ఇప్పుడు జవాబు చెబుతాం. మన పట్టణంలోని పాత చర్చిల గోడల మీద ఏముందో, ఏమి లేదో మీ కళ్లతో మీరే చూడాలని తీసుకెళ్లాం.

యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం మీకందరికీ తెలుసు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు గోత్రానికి ఒక్కరు చొప్పున పన్నెండుగురు నది మధ్య నుండి తలా ఒక రాయి భుజం మీద మోసుకొచ్చారు. రేపు మీ పిల్లలు ఈ రాళ్లేమిటని అడిగితే జరిగింది చెప్పాలని వారికి ఆజ్ఞ. ఇందులో రెండు సంగతులు గమనించండి. రాయి తనంతట తాను మాట్లాడదు, దాని కథ ఎవరో ఒకరు చెప్పాలి. రెండోది, అవి నాయకుడి ఒక్కడి రాళ్లు కావు. ప్రతి గోత్రం భుజమూ అక్కడ ఉంది.

ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకొని పొద్దున చూసినవి ఒకసారి గుర్తుచేసుకుందాం.

మొదట హోలీ ట్రినిటీ చర్చి. 1851లో కట్టారు. ఇప్పుడు ఆ కూడలికీ, మెట్రో స్టేషన్‌కీ దాని పేరే. రోజూ ఆ స్టేషన్‌లో దిగే వేలమందిలో ఆ పేరు ఒక చర్చిదని ఎంతమందికి తెలుసో మనకు తెలియదు. లోపల 1845లో చనిపోయిన జనరల్ క్లెమెంట్ హిల్ పాలరాతి స్మారకం చూశారు. ఎం.జి. రోడ్డు రెండో చివరకు నడిచి సెయింట్ మార్క్స్ కెతీడ్రల్‌కు వెళ్లాం. 1808లో మొదలుపెట్టి 1812లో ముగించిన కట్టడం అది. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాను పడిపోయాక బ్రిటిష్ సైన్యం అక్కడి జ్వరాలకు తట్టుకోలేక బెంగళూరుకు తరలివచ్చింది. 1809లో కంటోన్మెంట్ ఏర్పడింది. ఆ సైన్యం కోసం కట్టిన ఆరాధన స్థలం ఇది. 1923లో కాలిపోతే మళ్లీ కట్టి 1927లో ప్రతిష్ఠించారు.

గోడల మీది రాతిపలకలు చదవమన్నాం. మీరు చదివారు. కల్నల్లు, కెప్టెన్లు, వారి భార్యలు, చిన్న వయసులో పోయిన వారి బిడ్డలు. ఆ బిడ్డల పలకల దగ్గర మీలో కొందరు కాసేపు నిలబడిపోయారు. అది మంచిదే. పరాయి దేశంలో బిడ్డను పాతిపెట్టిన తల్లి దుఃఖం దుఃఖమే. ఆ పేర్లు చెరిపేయమని మేము అడగడం లేదు. అయితే ఆ గోడకు సున్నం ఎవరు నూరారు, ఆ కప్పుకు దూలం ఎవరు ఎత్తారు, ఆ దొరల ఇళ్లలో నీళ్లు ఎవరు మోశారు? వారి పేరున్న పలక ఒక్కటైనా కనబడిందా అని అడిగితే, ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత హడ్సన్ సర్కిల్. వెస్లియన్ మిషనరీ జోసయ్య హడ్సన్ పేరిట 1904లో కట్టిన కన్నడ చర్చి అక్కడ ఉంది. ఆ కూడలిలో ఒకప్పుడు ఎత్తైన స్మారక స్తంభం ఉండేది. 1791లో బెంగళూరు కోటను పట్టుకున్న యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ పక్షం వారికోసం నిలిపినది. 1964లో దాన్ని పడగొట్టారు. ఆ స్తంభం పేరుతో ఉన్న రోడ్డు ఇప్పుడు నృపతుంగ రోడ్డు. ఏ స్మారకం నిలవాలి, ఏది పోవాలి అనేది ఆ కాలంలో అధికారం ఎవరి చేతిలో ఉందో వారు తేల్చుకుంటారు. ఏ స్మారకమూ లేనివారికి పడగొట్టించుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

చివరికి అవెన్యూ రోడ్డులో, పుస్తకాల దుకాణాల రద్దీ మధ్యలో, రైస్ మెమోరియల్ చర్చి. లండన్ మిషన్ తరఫున 1837లో బెంగళూరుకు వచ్చి, 1887లో చనిపోయేవరకు కన్నడంలో పరిచర్య చేసిన బెంజమిన్ రైస్ పేరిట కట్టినది. ఆయన కుమారుడు లూయిస్ రైస్ ఈ ఊళ్లోనే పుట్టాడు. మైసూరు రాజ్యంలో ఊరూరూ తిరిగి సుమారు 9 వేల శాసనాలు సేకరించి, 'ఎపిగ్రాఫియా కర్నాటికా' సంపుటాలుగా అచ్చువేయించాడు. గుడి ముందున్న రాయి, చెరువు గట్టు మీది రాయి, పొలంలో పడివున్న వీరగల్లు, దేన్నీ వదల్లేదు. బేగూరులో సుమారు క్రీ.శ. 900 నాటి రాయి ఒకటి ఉంది. 'బెంగళూరు' అనే పేరు కనిపించే అతి పాత శాసనం అదే. బెంగళూరు యుద్ధంలో చనిపోయిన ఒక మనిషిని తలచుకుంటూ చెక్కిన రాయి అది. ఈ మహానగరం పేరు మొదట మనకు దొరికింది రాజుగారి పట్టాభిషేకంలో కాదు, చచ్చిపోయిన ఒకరిని మర్చిపోవద్దని ఎవరో నిలిపిన రాతి మీద.

ఒక మిషనరీ కొడుకు 9 వేల రాళ్లను చదివాడు. మనం మన సంఘంలో తొమ్మిదిమంది ముసలివాళ్ల మాట విని రాసుకున్నామా?

ఇప్పుడు శివాజీనగర్ వైపు చూడండి. సెయింట్ మేరీస్ బసిలికా గోపురం మీకందరికీ తెలుసు. సెప్టెంబర్ 8 పండుగకు మనవాళ్లూ చాలామంది వెళ్తారు. ఇప్పుడున్న కట్టడాన్ని 1875 నుంచి 1882 వరకు కట్టారు. ఆ సంవత్సరాలు చెప్పగానే దక్షిణాది వాళ్ల గుండె ఝల్లుమనాలి. 1876 నుంచి 1878 వరకు మహా కరవు. అప్పటి మైసూరు రాజ్యంలో 50 లక్షల జనాభా ఉంటే దాదాపు 10 లక్షలమంది తగ్గిపోయారు. ఊళ్లలో మనుషులు రాలిపోతున్న ఆ కాలంలోనే ఇక్కడ రాయి మీద రాయి లేస్తోంది. ఆ రాళ్లెత్తినవారు ఎక్కడినుంచి వచ్చారు, ఆ రోజు కూలితో ఎన్ని గంజి మెతుకులు కొన్నారు అనే ప్రశ్న వేసుకోకుండా ఆ గోపురం అందం గురించి మాత్రమే మాట్లాడితే మన చరిత్ర సగమే.

అదే కరవులో మన తెలుగు నేల మీద ఏం జరిగింది? ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో 3 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ కథ మన పిల్లలకు సండేస్కూల్లోనే చెబుతారు. అయితే ఎలా చెబుతారు? క్లౌ దొర కథగా చెబుతారు. ఆయన 1866లో ఒంగోలులో కాపురం పెట్టకముందే మాదిగ కులానికి చెందిన తోళ్ల వ్యాపారి ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది, తన వాళ్ల మధ్య సువార్త చెబుతూ తిరుగుతున్నాడు. దారి వేసినవాడు పేరయ్య. ఆ దారిలో నడిచినవాడు దొర. పుస్తకం మాత్రం దొర పేరుతో ఉంది. పేరయ్య పేరైనా మిగిలింది. ఆ 2,222 మందిలో ఇంకెన్ని పేర్లు మనం చెప్పగలం?

ఈ ప్రశ్న మేము కొత్తగా కనిపెట్టింది కాదు. మన పట్టణంలోనే, మిల్లర్స్ రోడ్డులో, 1910లో మొదలైన యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఉంది. అక్కడ 1981లో అర్వింద్ నిర్మల్ అనే బోధకుడు ఒక ప్రసంగం చేశాడు. భారతదేశంలో క్రైస్తవులలో ఎక్కువమంది అణగారిన కులాలవాళ్లయితే, మన వేదాంతం మాత్రం బ్రాహ్మణ తత్త్వంతోనే ఎందుకు సంభాషిస్తోందని ఆయన అడిగాడు. దళిత వేదాంతం అని ఈ రోజు ప్రపంచమంతా చదువుతున్నదానికి ఆ ప్రసంగం మొదలు. మాలాంటి వాళ్లం వేదాంతం చదువుకున్నప్పుడు ఆ మాటలు మా కళ్లు తెరిపించాయి. ఆ తర్వాత 1985లో కారంచేడు, 1991లో చుండూరు. చంపబడినవాళ్లలో మన సంఘాలవాళ్లున్నారు. చరిత్రలో ఎవరి పేరు రాయాలన్నది మనకు పుస్తకాల చర్చ కాదు, నెత్తురుతో వచ్చిన ప్రశ్న.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఈ పట్టణంలో తెలుగు సంఘాలు ఎక్కడున్నాయి? సొంత గోపురాలు ఉన్నవి తక్కువ. వేరే భాష సంఘంవారి మందిరంలో మధ్యాహ్నం రెండు గంటల తర్వాత, స్కూలు హాల్లో, అద్దె ఇంటి మేడ మీద రేకుల షెడ్డులో మన ఆరాధన. మా సంఘం పదిహేనేళ్లలో నాలుగు చోట్లు మారింది. ఒకచోట నుంచి ఇంకోచోటికి పోయిన ప్రతిసారీ ఒక పెట్టె పోయింది. ఆ పెట్టెల్లో పాత బాప్తిస్మం పుస్తకం ఉంది, మొదటి కోతపండుగ ఫోటోలున్నాయి. మేమే పోగొట్టుకున్నాం. ఈ తప్పు ఎవరి మీదా వేయలేం.

ఈ ఊళ్లో తెలుగువాళ్లు రెండు రకాలుగా కనబడతారు. ఒకరు మీలాంటివాళ్లు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లు. ఇంకొకరు తెల్లవారకముందే చీపురు పట్టుకొని మీ వీధిలోకి వచ్చేవాళ్లు. బెంగళూరు పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, అందులోనూ చాలామంది రాయలసీమ కరవు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాల తెలుగువాళ్లు. ఏళ్ల తరబడి కాంట్రాక్టరు చేతికింద పనిచేశారు. 2022 జులైలో నాలుగు రోజులు సమ్మె చేశారు. 2025 మే 1న 12 వేలమందికి పైగా శాశ్వత నియామక పత్రాలు అందుకున్నారు. అది ఈ పట్టణ చరిత్రలో పెద్ద రోజు. వారిలో కొందరు మన సంఘాలవాళ్లు. యౌవనస్థులారా, మీ వీధి ఊడ్చే అక్క పేరు మీలో ఎంతమందికి తెలుసు? ఆమె తెలుగు మాట్లాడుతుందని తెలుసా?

మా సంఘం మొదలైంది అలాంటి ఒక అవ్వ గదిలో. అనంతపురం జిల్లా నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చింది. పగలు వీధులు ఊడ్చి, సాయంత్రం తన గదిలో ఏడెనిమిది మందిని కూర్చోబెట్టుకొని పాటలు పాడించేది. కాపరి లేడు, మైకు లేదు. సంఘం చరిత్ర రాద్దామని మేము నోటుబుక్కు పట్టుకొని ఆమె దగ్గరికి వెళ్లాం. కాఫీ ఇచ్చింది. గంటసేపు సంతోషంగా చెప్పింది. మేము రాసుకుంటూ "నీ పూర్తి పేరు చెప్పు అవ్వా" అన్నాం. ఆమె ముఖం మారిపోయింది.

"నా పేరు మాత్రం రాయొద్దు అయ్యగారూ. పిల్లోని సర్టిఫికెట్టు పోతాది" అంది.

మేము పుస్తకం మూసేశాం. ఆ రోజు ఆమెకు చెప్పడానికి మా దగ్గర మాట లేదు.

ఆమె భయం ఎందుకో మీకు తెలియాలి. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందూ మతంలో ఉన్నవారికే షెడ్యూల్డ్ కులం హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులను, ముస్లింలైన దళితులను నేటికీ చేర్చలేదు. ఆంధ్ర, తెలంగాణల్లో మనవాళ్లకు బీసీ-సి కింద ఒక్క శాతం ఇచ్చి సరిపెట్టారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని సిఫారసు చేసింది. 2004 నుంచి సుప్రీంకోర్టులో వ్యాజ్యాలున్నాయి. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. బాప్తిస్మం నీళ్లలో దిగినంత మాత్రాన ఊళ్లో రెండో గ్లాసు పోలేదు, చీపురు చేతిలోంచి పోలేదు, హోదా మాత్రం పోయింది.

కాబట్టి మన చరిత్ర గోడల మీద లేకపోవడానికి కారణం దొరలు రాయకపోవడం ఒక్కటే కాదు. మనవాళ్లు తమ పేరు తామే దాచుకోవలసి వచ్చింది. విశ్వాసం ఒప్పుకుంటే బిడ్డ చదువుకు నష్టం, దాచుకుంటే మనసుకు బరువు. ఆ అవ్వను అవిశ్వాసి అనే హక్కు మనలో ఎవరికీ లేదు. అబద్ధం చెప్పమని కూడా మేము ఎవరికీ చెప్పం. ఈ రెంటి మధ్య ఒక పేదరాలిని నిలబెట్టిన చట్టాన్ని మార్చమని అడగడం మన పని. ఇంకోమాట కూడా ఒప్పుకోవాలి. మన సంఘాల్లోనే పెళ్లి సంబంధాలు కులం చూసి కుదురుతున్నాయి. కొన్ని ఊళ్లలో సమాధుల తోటలు కూడా వేరు. ప్రభుత్వాన్ని అడిగే నోటితో మనల్ని మనం కూడా అడుక్కోవాలి.

"చరిత్ర రాసుకుంటే ఏమొస్తుంది అయ్యగారూ, ఆత్మల రక్షణ చూసుకుందాం" అని కొందరు పెద్దలు అంటారు. ఒక ఉదాహరణ చెబుతాం. రిచ్మండ్ టౌన్ దగ్గర 1870లో కట్టిన ఆల్ సెయింట్స్ చర్చి ఉంది. దాని తోటలోని చెట్లు ఆ ప్రాంతానికే నీడ. 2019లో మెట్రో పనికి ఆ స్థలం, ఆ చెట్లు పోయే పరిస్థితి వచ్చింది. సంఘస్థులు, చుట్టుపక్కలవాళ్లు కలిసి నిలబడ్డారు. మా చర్చి ఎప్పటిది, ఈ చెట్లు ఎప్పటివి అని కాగితాలతో అడిగారు. ఆ మెట్రో మార్గానికి అప్పు ఇచ్చిన ఐరోపా పెట్టుబడి బ్యాంకు ఫిర్యాదుల విభాగం దాకా వెళ్లారు. ఇప్పుడు 2013 జనవరి గుర్తుచేసుకోండి. ఈజీపురలో వెయ్యికి పైగా పేద కుటుంబాల గుడిసెలు కొన్ని రోజుల్లో నేలమట్టం చేశారు. అలాంటి బస్తీలో రేకుల కింద నడిచే ప్రార్థన గది ఏ పటంలో ఉంటుంది? అది అక్కడ ముప్పై ఏళ్లుగా ఉందని ఏ కాగితం చెబుతుంది? కాగితం ఉన్నంత మాత్రాన న్యాయం జరుగుతుందని మేము అనడం లేదు. కాగితం లేకపోతే అడగడానికి నోరు కూడా లేవదు.

చరిత్ర ఎలా రాయాలో బైబిలే నేర్పిస్తుంది. నెహెమ్యా మూడో అధ్యాయం తెరవండి. పేర్లు ఎక్కువని మనం సాధారణంగా దాటేసే అధ్యాయం అది. యెరూషలేము గోడ ఎవరు ఎంత మేర కట్టారో వరుసగా రాసి ఉంటుంది. యాజకులున్నారు, బంగారు పనివాళ్లున్నారు, వర్తకులున్నారు, షల్లూము అనే అధికారితోపాటు అతని కుమార్తెలున్నారు. తెకోవ ఊరివారు కట్టారు గాని వారి పెద్దమనుషులు మాత్రం మెడ వంచలేదని కూడా దాచకుండా రాశారు. పని చేసినవారి పేరు, చేయనివారి సంగతి రెండూ ఉన్న చరిత్ర అది. మన పట్టణంలో చూసిన పలకలకూ ఆ అధ్యాయానికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి.

అందుకని మీకు నాలుగు పనులు అప్పజెబుతున్నాం.

ఒకటి. మీ సంఘంలో అందరికంటే పెద్దవాళ్లు ముగ్గురి దగ్గరికి వెళ్లండి. ఏ ఊరినుంచి, ఏ కరవులో, ఏ పనికి వచ్చారు, మొదటి ప్రార్థన ఎవరి ఇంట్లో జరిగింది అని అడగండి. వాళ్లు ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. పేరు వద్దంటే వద్దు. వీధి రాయండి, సంవత్సరం రాయండి, పని రాయండి.

రెండు. కాగితాలు వెతకండి. అద్దె రసీదు, కూటాల కరపత్రం, పెళ్లి ఫోటో, సండేస్కూలు హాజరు పట్టీ, ఏదైనా సరే. మాలాగా పెట్టెలు పోగొట్టుకోకండి. ప్రతిదానికీ రెండు నకళ్లు రెండు ఇళ్లలో పెట్టండి.

మూడు. కన్నడం నేర్చుకోండి. మనకు మందిరం ఇచ్చిన సంఘంవారి కథ కూడా అడిగి తెలుసుకోండి. ఈ ఊళ్లో తెలుగు కొత్తది కాదు, నిజమే. బెంగళూరును స్థాపించిన కెంపేగౌడ పేరిట తెలుగు యక్షగానం ఒకటి చెబుతారు. అయినా ఈ ఊరు కన్నడ ఊరు. అతిథిగా మెలగడం తెలిసినవాడి కథే ఇంటివాళ్లు వింటారు.

నాలుగు. ప్రతి ఆగస్టు 10న, ఆ మూడో పేరా ఎత్తివేయమని మీ పార్లమెంటు సభ్యునికి ఉత్తరం రాయండి. మీకు సర్టిఫికెట్టు అవసరం లేకపోవచ్చు. మీ వీధి ఊడ్చే అక్క బిడ్డకు అవసరం.

అవ్వ సంగతి చెప్పి ముగిస్తాం. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి నోటుబుక్కు తీసుకుపోలేదు. ఆమే అడిగింది, "రాసుకునేకి రాలేదా అయ్యగారూ?" అని. "నువ్వు వద్దన్నావు కదా అవ్వా" అన్నాం. కాసేపు ఊరుకొని, "నేను పోయినాక రాసుకోండి. అప్పుడు ఎవురికీ నష్టం లేదు" అంది.

ఒక విశ్వాసి తన పేరు తన సంఘం పుస్తకంలో కనబడాలంటే చనిపోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. ఆమె బతికుండగానే, ఆమె కళ్లముందే, ఆ పేరు రాసే రోజు కోసం పనిచేద్దాం. అప్పటిదాకా ఆమె వీధి, ఆమె గది, ఆమె పాడించిన పాటలు మన పుస్తకంలో మొదటి పేజీలో ఉంటాయి. పేరుకోసం ఒక గీత ఖాళీగా వదిలిపెట్టాం.

ప్రభువు మిమ్మల్ని బలపరచును గాక. ఆమేన్.